నిచ్చెన లేని వృత్తివిద్య ఎవరికి మేలు?

పదో తరగతి ఫలితాలు వెలువడి, ఆ వెనుకే ఎప్‌సెట్ కౌన్సెలింగ్ మొదలయ్యే నెలల్లో తెలుగు రాష్ట్రాల్లో ఏటా ఒకే ప్రశ్న తిరిగి వినిపిస్తుంది: నాలుగేళ్లు ఇంజినీరింగ్ చదివి ఖాళీగా ఉండటం కంటే, రెండేళ్లలో ఐటీఐ పూర్తిచేసి ఫిట్టరుగానో ఎలక్ట్రీషియనుగానో స్థిరపడటం మేలు కాదా? సాఫ్ట్‌వేర్ రంగంలో కొత్తవారి నియామకాలు మందగించడం, 2025 జులైలో టీసీఎస్ సుమారు 12 వేల ఉద్యోగాలు తగ్గించుకోబోతున్నట్లు ప్రకటించడం, కోడ్ రాసే పనిలో కొంత భాగం కృత్రిమ మేధ చేతిలోకి వెళ్లడం ఈ ప్రశ్నకు పదును పెంచాయి. ప్రశ్న సమంజసమైనదే. అయితే తల్లిదండ్రులకు ఇంజినీరింగ్ మోజు తగ్గితే, పిల్లలు చేతిపనిని చిన్నచూపు చూడటం మానితే అంతా సర్దుకుంటుందని వేదికల మీద వినిపించే సమాధానం మాత్రం సమస్యను తలకిందులుగా చూస్తోంది. వృత్తివిద్య విలువను నిర్ణయించేవి ఆ చదువు ముగిశాక దొరికే జీతం, ఉద్యోగ భద్రత, మళ్లీ పైచదువులకు వెళ్లే వీలు. ఈ మూడూ బలహీనంగా ఉన్నంతకాలం డిగ్రీ వైపు మొగ్గే కుటుంబం పొరపడుతోందని చెప్పడానికి ఆధారం లేదు.

డిగ్రీ విలువ పడిపోయిందనే వాదనకు తరచుగా చూపే ఆధారం, అంతర్జాతీయ కార్మిక సంస్థ భాగస్వామ్యంతో 2024లో వెలువడిన భారత ఉపాధి నివేదిక. దాని ప్రకారం 2022లో యువ పట్టభద్రుల్లో నిరుద్యోగిత 29.1 శాతం ఉండగా, చదవడం రాయడం రాని యువతలో అది 3.4 శాతమే. చదువు పెరిగేకొద్దీ నిరుద్యోగం పెరుగుతోందనే నిర్ధారణకు ఈ అంకెలు వెంటనే దారితీస్తాయి గానీ, నిరుద్యోగిత రేటు దేన్ని కొలుస్తుందో గమనిస్తే చిత్రం మారుతుంది. పని కోసం వెతుకుతూ, అది దొరకనివారి వాటాను మాత్రమే ఈ రేటు చెబుతుంది. పూట గడవని కుటుంబంలోని యువకుడికి నచ్చిన పని దొరికేదాకా ఆగే స్తోమత ఉండదు కాబట్టి, ఉపాధి హామీ పనిలోనో అడ్డా కూలీగానో చేరి అతడు ‘ఉద్యోగి’గా లెక్కకెక్కుతాడు. పట్టభద్రుడు తన చదువుకు తగిన ఉద్యోగం కోసం రెండు మూడేళ్లు ఆగి, పోటీ పరీక్షలు రాసి, ఆ కాలమంతా నిరుద్యోగుల జాబితాలో ఉంటాడు. ఆ నిరీక్షణ బాధాకరమైనదే, సమాజానికి నష్టదాయకమైనదే; అయితే దాన్ని బట్టి డిగ్రీ వృథా అని తేల్చడం కుదరదు. ఓఈసీడీ కూటమిలోని సంపన్న దేశాల్లో సైతం పట్టభద్రుల సంపాదన హయ్యర్ సెకండరీతో చదువు ఆపినవారి కంటే సగటున సగానికి పైగా ఎక్కువ. సగటు వెనుక మంచి కళాశాలకూ నాసిరకం కళాశాలకూ ఉన్న అగాధం దాగి ఉంటుందన్నది నిజమే గాని, ఆ అగాధం ఐటీఐల మధ్యా అంతే లోతుగా ఉంది.

దేశంలో వృత్తి శిక్షణకు చట్రం లేకపోలేదు. పారిశ్రామిక శిక్షణ సంస్థలకు, అంటే ఐటీఐలకు, పునాది వేసిన క్రాఫ్ట్స్‌మెన్ శిక్షణ పథకం 1950లోనే మొదలైంది. కర్మాగారంలో పనిచేస్తూ నేర్చుకునే పద్ధతికి చట్టరూపమిచ్చిన అప్రెంటిస్‌షిప్ చట్టం 1961లో వచ్చింది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ సెకండరీ విద్యను వృత్తులతో ముడిపెట్టాలని కోరగా, 1986 జాతీయ విద్యావిధానం మరో అడుగు ముందుకేసి, హయ్యర్ సెకండరీ విద్యార్థుల్లో 1990 నాటికి 10 శాతం, 1995 నాటికి 25 శాతం వృత్తి కోర్సుల్లో ఉండాలని గడువులు పెట్టింది. ఆ లక్ష్యాలు దరిదాపులకు కూడా చేరలేదు. 2022-23 కార్మిక శక్తి సర్వే ప్రకారం 15 నుంచి 29 ఏళ్ల వయసువారిలో గుర్తింపు పొందిన వృత్తి శిక్షణ అందుకున్నవారు 4.4 శాతం, మరో 16.6 శాతం మంది ఇంట్లోనో, మేస్త్రీ వెంట తిరిగో, షెడ్డులో పనిచేస్తూనో నేర్చుకున్నవారు. పనితనం ఉండి కాగితం లేని ఈ రెండో వర్గం మొదటిదానికి దాదాపు నాలుగు రెట్లు. పనితనం ఉన్నవారికి కాగితం ఇచ్చే ఏర్పాటు నామమాత్రంగా ఉండటం, కాగితం ఇచ్చే సంస్థల్లో పనితనం నేర్పే యంత్రాలూ శిక్షకులూ కొరవడటం ఒకే వ్యవస్థకు రెండు ముఖాలు. దేశంలో సుమారు 15 వేల ఐటీఐలుంటే వాటిలో నాలుగింట మూడు వంతులకు పైగా ప్రైవేటువి, మంజూరైన సీట్లలో దాదాపు సగం నిండనివి.

ఇదే కాలంలో తెలుగు ప్రాంతం మరో దారిలో నడిచింది. 2008 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విస్తరించిన బోధన రుసుముల చెల్లింపు పథకం, వెనుకబడిన వర్గాల కుటుంబాలకు, ఇతర పేద కుటుంబాలకు ఇంజినీరింగ్‌ను మొదటిసారి అందుబాటులోకి తెచ్చింది. దాని ఊతంతో కళాశాలల సంఖ్య ఏడు వందల దాకా పెరిగి, నాణ్యత దెబ్బతిని, ఆ తర్వాత ఎన్నో కళాశాలలు మూతపడ్డాయి. ఈ పథకాన్ని విమర్శించేవారు ఆ పతనాన్నే చూపుతారు. అయితే ఆ తలుపు తెరుచుకోవడం వల్లనే హైదరాబాద్, బెంగళూరు, డల్లాస్‌ల సాఫ్ట్‌వేర్ కార్యాలయాల్లోకి వ్యవసాయ కూలీల పిల్లలు, చేనేత కుటుంబాల పిల్లలు అడుగుపెట్టగలిగారన్నది అంతే నిజం. ఉన్నత విద్యపై అఖిల భారత సర్వే 2021-22లో లెక్కగట్టిన స్థూల నమోదు నిష్పత్తి, అంటే 18 నుంచి 23 ఏళ్ల జనాభాతో పోల్చినప్పుడు ఉన్నత విద్యలో చేరినవారి శాతం, దేశంలో 28.4 కాగా తెలంగాణలో 40, ఆంధ్రప్రదేశ్‌లో 36.5. ఈ ఎదుగుదలను మోజు అని కొట్టిపారేసే హక్కు రెండు మూడు తరాలుగా డిగ్రీలు అనుభవిస్తున్న కుటుంబాలకు అసలు లేదు.

ఈ విషయంలో అరవై ఏళ్ల కిందటి ఒక చర్చ ఇప్పటికీ దారి చూపుతుంది. కొత్తగా స్వతంత్రమైన ఆఫ్రికా దేశాలు వృత్తి పాఠశాలలు విరివిగా తెరిస్తే చదువుకున్న నిరుద్యోగం తగ్గుతుందని థామస్ బాలోగ్ వంటి ఆర్థికవేత్తలు వాదించారు. ఘానాలో క్షేత్ర పరిశోధన చేసిన ఫిలిప్ ఫోస్టర్ 1965లో రాసిన వ్యాసంలో దాన్ని భ్రమ అన్నాడు. అక్కడి విద్యార్థులు సాధారణ చదువును కోరుకోవడానికి కారణం చేతిపని మీద ఏవగింపు కాదని, మెరుగైన జీతమిచ్చే గుమాస్తా ఉద్యోగాలకు ఆ చదువే దారి కావడమని అతడు చూపించాడు. వలసపాలన కాలపు ఘానాలో సాధారణ పాఠశాలే నిజానికి వృత్తి పాఠశాలగా పనిచేసింది. ఉద్యోగ విపణిలో ప్రతిఫలాలు మారకుండా బడిలో పాఠ్యక్రమాన్ని మారిస్తే పిల్లల ఆకాంక్షలు మారవన్నది ఫోస్టర్ సారాంశం.

ఈ గీటురాయి మీద తెలుగు రాష్ట్రాల పరిస్థితిని పరిశీలించవచ్చు. ఐటీఐ ధ్రువపత్రంతో కర్మాగారంలో అడుగుపెట్టే యువకుడు ఎక్కువ సందర్భాల్లో చేరేది గుత్తేదారు కింద. దేశంలోని వ్యవస్థీకృత కర్మాగారాల కార్మికుల్లో ప్రతి అయిదుగురిలో ఇద్దరు కాంట్రాక్టు కార్మికులే. వారు రెగ్యులర్ కార్మికుడి పక్కన నిలబడి అదే యంత్రం మీద పనిచేసినా జీతంలో, సెలవుల్లో, భద్రతలో సాటి రారు. 2019లో సవరించిన నిబంధనలు అప్రెంటిస్‌కు నెలకు కనీస భృతిని అర్హతను బట్టి 5 వేల నుంచి 9 వేల రూపాయలుగా నిర్ణయించాయి. ఊరు విడిచి పారిశ్రామికవాడలో అద్దె గది తీసుకున్న పిల్లవాడికి ఆ మొత్తం తిండికీ అద్దెకూ చాలదు. అప్రెంటిస్‌షిప్ ముగిశాక అదే సంస్థ అతడిని ఉద్యోగంలోకి తీసుకోవాలనే నియమమూ లేదు. ముప్పయి మంది, అంతకు మించి పనిచేసేచోట సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలని చట్టం చెబుతున్నా, శిక్షణ పేరిట చవక శ్రమను వాడుకుని ఏటా కొత్త బృందాన్ని తెచ్చుకోవడాన్ని అది అడ్డుకోలేదు. ఈ లెక్కలన్నీ తల్లిదండ్రులకు ఏ నివేదికా చదవకుండానే తెలుసు. పక్కింటి కుర్రాడి జీతమే వారికి నివేదిక.

దీనికి తోడు డిగ్రీల ద్రవ్యోల్బణం. ఒకే ఉద్యోగానికి అడిగే అర్హత ఏటేటా పెరుగుతూ పోవడాన్ని బ్రిటిష్ సామాజికశాస్త్రవేత్త రోనాల్డ్ డోర్ 1976లో ‘డిప్లొమా వ్యాధి’ అన్నాడు. అభివృద్ధి పరుగులో ఆలస్యంగా అడుగుపెట్టిన దేశాల్లో ఈ వ్యాధి తీవ్రత ఎక్కువని అతడి నిర్ధారణ. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ నియామకాలు దీనికి స్పష్టమైన ఉదాహరణ. పదో తరగతితో పాటు ఐటీఐ అర్హతగా ఉన్న ఈ పోస్టుకు, ఐటీఐకి బదులుగా ఇంజినీరింగ్ డిప్లొమా, డిగ్రీ ఉన్నవారినీ అనుమతిస్తారు. రాతపరీక్షతో వడపోత జరిగే పోటీలో అదనంగా కొన్నేళ్లు గణితం, భౌతికశాస్త్రం చదివినవారికి సహజంగానే మొగ్గు ఉంటుంది. అంటే డిగ్రీ తన మెట్టు మీది ఉద్యోగాన్ని ఇవ్వలేకపోయినా, కింది మెట్టు ఉద్యోగానికి దారి చూపుతోంది. ఐటీఐ మాత్రం తన మెట్టునే కాపాడుకోలేకపోతోంది.

కులం ప్రస్తావన లేకుండా ఈ చర్చ పూర్తి కాదు. 1953లో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా రాజాజీ గ్రామీణ ప్రాథమిక పాఠశాలలను పూటబడులుగా మార్చి, మిగిలిన సమయంలో పిల్లలు తండ్రి వృత్తిని నేర్చుకోవాలని పథకం తెచ్చారు. ఆంధ్ర జిల్లాలు అప్పటికి ఇంకా ఆ రాష్ట్రంలోనే ఉన్నాయి. దాన్ని కులవిద్య అని పెరియార్, ద్రవిడ ఉద్యమకారులు ఎదిరించారు. మరుసటి ఏడాది రాజాజీ పదవి నుంచి వైదొలగడంతో పథకం రద్దయింది. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ వృత్తుల్లోని విజ్ఞానాన్ని పాఠశాల గౌరవించాలని కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం రాసిన ‘టర్నింగ్ ది పాట్, టిల్లింగ్ ది ల్యాండ్’ అనే ఆంగ్ల పుస్తకంలో బలంగా వాదించారు. ఈ రెండింటి మధ్య తేడాను విధానకర్తలు పట్టించుకోవాలి. పనిని గౌరవించడం ఒకటి, ఫలానా ఇంటి పిల్లలకు ఆ పనే రాసిపెట్టి ఉందనడం మరొకటి. ఐటీఐ మేలని సలహా ఇచ్చే మంత్రులూ అధికారులూ ఆచార్యులూ తమ పిల్లలను అక్కడికి పంపనంతకాలం, ఆ సలహాను వినే దళిత, వెనుకబడిన కులాల కుటుంబాలకు అందులో 1953 ప్రతిధ్వనే వినిపిస్తుంది.

వృత్తివిద్యకు ఆదర్శంగా అందరూ చూపే జర్మనీ విజయం శిక్షణ పద్ధతికే పరిమితం కాదు. అక్కడి ద్వంద్వ విధానంలో శిక్షణార్థి వారంలో మూడు నాలుగు రోజులు సంస్థలో పనిచేస్తూ, మిగిలిన రోజులు వృత్తి పాఠశాలలో చదువుతాడు. 1969 నాటి వృత్తి శిక్షణ చట్టం కింద 320కి పైగా వృత్తులకు గుర్తింపు ఉంది. భృతి చెల్లించేది సంస్థ, పరీక్ష పెట్టేది ఆ ప్రాంతంలోని సంస్థలన్నింటికీ సభ్యత్వం తప్పనిసరైన వాణిజ్య మండలి, జీతాలను నిర్ణయించే ఒప్పందాల్లో భాగస్వామి కార్మిక సంఘం. శిక్షణ ముగిసి అనుభవం సంపాదించాక మైస్టర్ పరీక్ష నెగ్గినవాడు సొంత వర్క్‌షాపు పెట్టవచ్చు, ఇతరులకు శిక్షణ ఇవ్వవచ్చు. జాతీయ అర్హతల చట్రంలో మైస్టర్ స్థాయి బ్యాచిలర్ డిగ్రీతో సమానం. వృత్తులకు ఈ రక్షణ ఎంత ఉండాలన్నది అక్కడా వివాదమే. 2004లో 94 చేతివృత్తుల్లో 53 వృత్తులకు మైస్టర్ నియమాన్ని ఎత్తివేసిన ప్రభుత్వం, నాణ్యత, శిక్షణ తగ్గిపోయాయన్న ఫిర్యాదులతో 2020లో 12 వృత్తులకు దాన్ని పునరుద్ధరించింది.

ఆ వ్యవస్థకు మరో పార్శ్వం ఉంది. చాలా జర్మన్ రాష్ట్రాల్లో నాలుగో తరగతి ముగియగానే, అంటే పదేళ్ల వయసులోనే, పిల్లలను వేర్వేరు రకాల పాఠశాలలకు విడదీస్తారు. అంతర్జాతీయ విద్యా మూల్యాంకనమైన పీసా 2000లో తొలిసారి జరిగినప్పుడు, ఈ విభజన పిల్లల ప్రతిభ కంటే కుటుంబ నేపథ్యాన్ని అనుసరిస్తోందన్న నిజం ఆ దేశాన్ని కుదిపేసింది. ఎరిక్ హనుషెక్, లుడ్గర్ వోస్మన్ తదితర ఆర్థికవేత్తలు 11 దేశాల సమాచారంతో 2017లో ప్రచురించిన అధ్యయనం మరింత ముఖ్యమైనది. వృత్తివిద్య పొందినవారికి యవ్వనంలో ఉద్యోగం త్వరగా దొరుకుతుంది. వయసు పైబడేకొద్దీ సాధారణ విద్య పొందినవారితో పోలిస్తే వారి ఉపాధి అవకాశాలు తగ్గుతాయి. అప్రెంటిస్‌షిప్ బలంగా ఉన్న దేశాల్లోనే ఈ ధోరణి ప్రస్ఫుటంగా కనిపిస్తుంది. ఒక యంత్రానికి అతికినట్లు సరిపోయే నైపుణ్యం, ఆ యంత్రం పాతబడిన రోజున భారమవుతుంది. డీజిల్ ఇంజిన్ల నుంచి విద్యుత్ వాహనాలకు మారుతున్న మెకానిక్ వృత్తిలో ఈ మార్పు కళ్లముందే జరుగుతోంది. పదేళ్ల తర్వాత కొత్త మాన్యువల్ చదివి అర్థం చేసుకోగల గణితం, విజ్ఞానశాస్త్రం, భాష ఐటీఐలో అందకపోతే, నేడు దొరికే ఉద్యోగం నలభయ్యో ఏట చేజారవచ్చు. దీనికి విరుద్ధంగా కనిపించే ఉదాహరణ రొమేనియాది. అక్కడ 1973 సంస్కరణ ఎందరో విద్యార్థులను వృత్తి పాఠశాలల నుంచి సాధారణ విద్యకు మళ్లించగా, తర్వాతి కాలంలో వారి సంపాదనలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని పరిశోధకులు తేల్చారు. రెండు మార్గాల ఫలితాల్లో కనిపించే వ్యత్యాసంలో కొంత ఆ మార్గాల వల్ల కాక, వాటిలో చేరే పిల్లల నేపథ్యాల వల్ల వస్తుందని ఇది సూచిస్తుంది.

తెలుగు రాష్ట్రాలకు జర్మనీ కంటే స్విట్జర్లాండ్ అనుభవం ఎక్కువ ఉపయోగపడుతుంది. అక్కడి యువతలో సుమారు మూడింట రెండు వంతుల మంది వృత్తివిద్యనే ఎంచుకుంటారు. 1990లలో ఆ దేశం వృత్తివిద్యతో పాటే పూర్తిచేయగల ఒక ప్రత్యేక మెట్రిక్యులేషన్‌ను ప్రవేశపెట్టి, దాన్ని నెగ్గినవారు నేరుగా చేరగల అనువర్తిత శాస్త్రాల విశ్వవిద్యాలయాలను నెలకొల్పింది. పదిహేనేళ్ల వయసులో అప్రెంటిస్‌గా చేరిన పిల్లవాడికి ఇంజినీరు కావడం అసాధ్యం కాకపోవడమే ఆ మార్గం మీద మధ్యతరగతి నమ్మకానికి మూలం. డిగ్రీ వ్యామోహానికి పేరుపడ్డ దక్షిణ కొరియా 2010లో మైస్టర్ ఉన్నత పాఠశాలలు తెరిచినప్పుడు, ముందు ఉద్యోగం, తర్వాత విశ్వవిద్యాలయం అనే క్రమాన్ని విధానంగా ప్రకటించింది. చైనా 2022లో సవరించిన చట్టంలో వృత్తివిద్యకూ సాధారణ విద్యకూ సమాన హోదా అని రాసుకుంది. అయినా సీనియర్ సెకండరీ ప్రవేశ పరీక్షలో పిల్లవాడు వృత్తి పాఠశాలకు పడిపోతాడేమోనన్న భయం అక్కడి తల్లిదండ్రులను వదల్లేదు. హోదాను చట్టంలో రాయడం సులువు, జీతాల పట్టికలో చూపడం కష్టం.

ఇక్కడి ప్రభుత్వాలు కొంతకాలంగా ఐటీఐల మీద గట్టిగానే ఖర్చు పెడుతున్నాయి. తెలంగాణ 2024లో టాటా టెక్నాలజీస్‌తో ఒప్పందం చేసుకుని 65 ప్రభుత్వ ఐటీఐలను 2,324 కోట్ల రూపాయలతో అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పని మొదలుపెట్టింది. దేశవ్యాప్తంగా వెయ్యి ప్రభుత్వ ఐటీఐలను ఆధునికీకరించే 60 వేల కోట్ల పథకానికి కేంద్ర మంత్రివర్గం 2025 మేలో ఆమోదం తెలిపింది. అందులో శిక్షకుల శిక్షణను బలోపేతం చేసే అయిదు జాతీయ కేంద్రాల్లో హైదరాబాద్ ఒకటి. రోబోలు, సీఎన్‌సీ యంత్రాలు రావడం స్వాగతించదగినదే. యంత్రాలు కొనడానికి నిధులున్నప్పుడు వాటి మీద నేర్పే శాశ్వత శిక్షకులను నియమించకపోతే, అవి కొద్ది ఏళ్లలో దుమ్ము కొట్టుకుపోతాయి. ఖాళీలను అతిథి బోధకులతో, ఒప్పంద సిబ్బందితో నెట్టుకొచ్చే అలవాటు నుంచి రెండు రాష్ట్రాలూ బయటపడటం ఈ పథకాలన్నిటికీ ముందస్తు షరతు.

అంతకంటే లోతైన లోపం నిచ్చెనకు సంబంధించింది. ఐటీఐ నుంచి పాలిటెక్నిక్ రెండో సంవత్సరానికి, పాలిటెక్నిక్ నుంచి ఈసెట్ ద్వారా ఇంజినీరింగ్ రెండో సంవత్సరానికి వెళ్లే దారులు కాగితం మీద ఉన్నాయి. రెండోది బాగా పనిచేస్తోంది. పాలిటెక్నిక్‌కు గ్రామీణ కుటుంబాల్లో ఆదరణ ఉండటానికి అదే కారణం. మొదటిది ఇరుకైన దారి, పైగా పనిచేస్తున్న కార్మికుడికి పగటి తరగతుల వల్ల దాదాపు మూసి ఉన్న దారి. పారిశ్రామికవాడల దగ్గర సాయంకాలపు పాలిటెక్నిక్‌లు, ఉద్యోగానుభవానికి క్రెడిట్లు, ఐటీఐలో గణితం, ఇంగ్లిష్, తెలుగులకు గట్టి బోధన ఉంటే, ఐటీఐలో చేరడం పైచదువును వదులుకోవడం అనే భయం తగ్గుతుంది. ఆడపిల్లలను కుట్టుపని, కంప్యూటర్ ఆపరేటర్ కోర్సులకే పరిమితం చేసే ధోరణి మారాలన్నా, హాస్టళ్లూ భద్రమైన అప్రెంటిస్‌షిప్ స్థలాలూ ముందు ఏర్పాటు కావాలి.

విదేశీ ఉపాధి ఈ లెక్కను కొంత మారుస్తోంది. నిపుణులైన భారతీయులకు ఏడాదికి ఇచ్చే వీసాలను 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని జర్మనీ 2024లో ప్రకటించింది. నిపుణ కార్మికుల కోసం జపాన్ 2021లో భారత్‌తో ఒప్పందం చేసుకుంది. దశాబ్దాలుగా గల్ఫ్‌కు కూలీలను పంపుతున్న జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ ప్రాంతాలకు ఇది పెద్ద మలుపు కాగలదు. అయితే జర్మనీలో చాలా వృత్తులకు ఇక్కడి ధ్రువపత్రం అక్కడి అర్హతతో సరితూగాలి, భాష రావాలి. పేరుకు మాత్రమే నడిచే ప్రైవేటు ఐటీఐ పత్రం ఆ పరీక్షకు నిలవదు. తనిఖీలో విఫలమైన సంస్థల గుర్తింపును నిర్దాక్షిణ్యంగా రద్దుచేయడం మంచి సంస్థల్లో చదివినవారికి రక్షణ.

జీతం విషయంలో ప్రైవేటు పరిశ్రమకు హితవు చెప్పే ముందు ప్రభుత్వం తన ఇంటిని చక్కదిద్దుకోవాలి. కనీస వేతనాల ఉత్తర్వుల్లో నిపుణ కార్మికులకు వేరే రేటు ఉన్నా, గుర్తింపు పొందిన ధ్రువపత్రం ఉన్నవారిని ఆ వర్గంలో చేర్చడాన్ని పర్యవేక్షించే యంత్రాంగం బలహీనంగా ఉంది. కనీస వేతనాలను సకాలంలో సవరించకపోవడం మరో అన్యాయం. తెలంగాణ విద్యుత్ సంస్థల్లో ప్రమాదకరమైన పని చేస్తున్న ఆర్టిజన్లు తమను రెగ్యులర్ ఉద్యోగులుగా మార్చాలని ఏళ్లుగా ఆందోళన చేస్తున్నారు. విద్యుత్, ఆర్టీసీ, తాగునీటి సరఫరా, ఆసుపత్రి యంత్రాల నిర్వహణ వంటి రంగాల్లో రెండు రాష్ట్ర ప్రభుత్వాలే సాంకేతిక కార్మికులకు అతిపెద్ద యజమానులు. ఆ పోస్టుల్లో గణనీయమైన వాటాను అప్రెంటిస్‌షిప్ పూర్తిచేసిన ఐటీఐ అభ్యర్థులకు కేటాయించి, రాతపరీక్షకు బదులు పనితన పరీక్షతో భర్తీచేసి, పొరుగుసేవల బదులు రెగ్యులర్ వేతన స్కేలు ఇవ్వడానికి రాష్ట్రాలు కేంద్రం నిధుల కోసం ఎదురుచూడనక్కర్లేదు. దానితో పాటు ప్రతి ఐటీఐ ట్రేడులవారీగా ఎందరు చేరారు, ఎందరు ఉత్తీర్ణులయ్యారు, రెండేళ్ల తర్వాత ఎక్కడ, ఎంత జీతానికి, ఏ రకం ఒప్పందం కింద పనిచేస్తున్నారు అనే వివరాలను ప్రవేశాల ప్రకటనతో పాటే ప్రచురించడాన్ని తప్పనిసరి చేయాలి. ఇంజినీరింగ్ కళాశాలలకూ ఇదే నియమం వర్తించాలి. వచ్చే వేసవి కౌన్సెలింగ్‌కు ముందే రెండు సాంకేతిక విద్యాశాఖలూ ఈ పని మొదలుపెట్టవచ్చు.